ఎత్తుపళ్ళ చికిత్సకు తొందర తగునా?

(పంచాయతీ సభ్యుల శిక్షణ శిబిరమున చేసిన ప్రసంగ పాఠము)



ఎత్తుపళ్ళు గల ఆడపిల్ల ఉన్న ఇంట తల్లిదండ్రులకు రెండు దిగుళ్ళు. పెండ్లి ఎట్లగునన్నది మొదటిది. ఇప్పుడే క్లిప్పులు వేయించనిచో అదను దాటునేమో అన్నది రెండవది. ఈ రెండవ దిగులుచేత 8 ఏండ్ల బిడ్డకై వడ్డీకి అప్పు తెచ్చువారును కలరు. ఈ తొందర అవసరమా?

ఎత్తుపళ్ళ చికిత్సపై జరిగిన 27 పరీక్షల ఫలితములను 2018లో కాక్రేన్ సంస్థవారు ఒకచోట చేర్చి పరిశీలించిరి. వానిలో పాల్గొన్నవారు 1251 మంది. 7 మొదలు 11 ఏండ్ల నడుమ ఒకమారు, యుక్తవయస్సున మరొకమారు చికిత్స పొందినవారికిని, యుక్తవయస్సున ఒక్కమారే పొందినవారికిని తుదకు పలువరుసలో చెప్పుకోదగిన భేదము కానరాలేదు. ముందుగా చేయించుటవలన తేలిన లాభమొక్కటే: దెబ్బ తగిలి ముందుపళ్ళు విరుగుట తగ్గినది. కావున పళ్ళు మిక్కిలి ముందుకు వచ్చిన బిడ్డను ముందుగనే వైద్యునకు చూపవలెను. ఆగవచ్చునని వైద్యుడు చెప్పినచో నిశ్చింతగా ఆగవచ్చును. క్రింది పళ్ళు పైపళ్ళను దాటి ముందుకు వచ్చుట వేరు లోపము. దానిని ఆలస్యము లేక చూపవలెను.

ఆగరాని పని పాలపళ్ళ సంరక్షణ. "ఊడునవియే కదా" యని పలువురు ఉపేక్షింతురు. పాల దవడపన్ను పుచ్చి ముందే పోయినచో ప్రక్కపన్ను ఆ ఖాళీలోనికి ఒరుగును. పిమ్మట వచ్చు పంటికి చోటు చాలక అది వంకరగా మొలచును. రెండు పూటల పళ్ళు తోమించుటకు అప్పు అక్కరలేదు.

క్లిప్పులు పంటిపై స్వల్పమైన ఒత్తిడి కలిగించును. ఒత్తిడి పడిన వైపున ఎముక కరిగి, రెండవ వైపున క్రొత్త ఎముక ఏర్పడును. అందుచేత చికిత్సకు సాధారణముగ ఏడాదిన్నర, రెండేండ్లు పట్టును. క్లిప్పులు తీసిన పిమ్మట పళ్ళు వెనుకటి చోటికి మరలకుండ, వైద్యుడిచ్చిన రిటైనరు ధరింపవలెను. కొలది దినములలోనే పళ్ళు సరిచేయుదుమనువారిని నమ్మరాదు. దంతవైద్యులుగా చట్టప్రకారము పేరు నమోదైనవారినే ఆశ్రయింపవలెను.

సభ్యులారా! మీ పాఠశాల పిల్లలకు ఏటా దంత పరీక్ష జరుగునట్లు ప్రాథమిక ఆరోగ్య కేంద్రపు వైద్యాధికారితో మాట్లాడుడు. హైదరాబాదు, విజయవాడ, కడపలలో ప్రభుత్వ దంతవైద్య కళాశాలలు కలవు. అప్పుపత్రముపై సంతకము చేయకముందే బిడ్డను అచట చూపుమని తల్లిదండ్రులకు చెప్పుడు. మీ ఈ ఒక్క మాట ఒక కుటుంబమును ఋణభారము నుండి కాపాడగలదు.