లెక్కలు రాని పిల్లలకు ఫిజిక్స్ వస్తుందా?

(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఉర్దూ మీడియం పంతుళ్ళు తెలుగులో మాట్లాడుతున్నారేమిటని కొందరికి అనిపించవచ్చు. మన ఇళ్ళల్లో పెద్దబిడ్డ ఉర్దూ మీడియం, నడిపివాడు తెలుగు మీడియం, చిన్నది ఇంగ్లీషు మీడియం. ముగ్గురికీ ఒక్కసారే చెప్పవలెనంటే షాద్‌నగర్‌లో తెలుగే సులువు.

పదో తరగతి ఫలితాలు వచ్చిన వారం మా దగ్గరికి తల్లిదండ్రులు వస్తారు. ఎక్కువమంది అనే మాట ఒకటే. "బచ్చీకు హిసాబ్ నై ఆతా మాస్టర్ సాబ్, బైపీసీచ్ దిలారైఁ." లెక్కలు రావు కాబట్టి బైపీసీ! ఆడపిల్లల విషయంలోనైతే ఈ నిర్ణయం ఫలితాల కంటే ముందే అయిపోయి ఉంటుంది. బైపీసీలో లెక్కల పేపరు లేని మాట నిజమే. కాని భౌతికశాస్త్రం ఉన్నది గదా. అది లెక్కలు లేకుండా నడవదు. వైద్యవిద్య ప్రవేశానికి రాసే నీట్ పరీక్షలో 720 మార్కులకు 180 మార్కులు ఫిజిక్స్‌వే. పిల్ల లెక్కలను తప్పించుకున్నాననుకుంటుంది. జూలైలో లెక్కలే వేరే పేరు పెట్టుకొని తరగతిలోకి వస్తాయి. ఆరు నెలలు తిరిగేసరికి "నాకు ఫిజిక్స్ రాదు" అని ఏడుపు, ఆ తరువాత చదువు మానిపించడం. ఇటువంటి ఇళ్ళు ఈ సభలోనే కొన్ని ఉన్నాయి, పేర్లు చెప్పనవసరం లేదు.

మేము చెప్పదలచినది ఏమనగా, ఆ పిల్లకు రానిది ఫిజిక్స్ కాదు. కలన గణితం అనే పెద్ద లెక్కలు కూడా కాదు. ఎనిమిది, తొమ్మిది, పది తరగతుల బీజగణితం చేతికి అలవాటు కాలేదు, అంతే. అమెరికా విశ్వవిద్యాలయాల్లో చాలా చోట్ల మొదటి సంవత్సరపు భౌతికశాస్త్రం రెండు రకాలుగా చెబుతారు. ఇంజనీరింగ్ వారికి కలన గణితంతో చెబుతారు. జీవశాస్త్రం, వైద్యం వైపు వెళ్ళేవారికి బీజగణితంతోనే సరిపెడతారు. ఈ రెండో రకం వారి కోసం రైస్ విశ్వవిద్యాలయానికి చెందిన ఓపెన్‌స్టాక్స్ వారు 2012లో 'కాలేజ్ ఫిజిక్స్' అనే పుస్తకం తెచ్చారు. ఫోనులోనే ఉచితంగా చదువుకోవచ్చు. శంషాబాదులో విమానం ఎక్కి పోయిన పిల్లలకు అక్కడ చెప్పేది కూడా బీజగణితంతో వచ్చే ఫిజిక్సే అయినప్పుడు, ఇక్కడి బిడ్డకు అది అందదనడం న్యాయం కాదు.

బీజగణితాన్ని మనవాళ్ళు పరాయిదిగా చూడటం మరీ విచిత్రం. తొమ్మిదో శతాబ్దంలో బాగ్దాదులో ఉన్న అల్ ఖ్వారిజ్మీ రాసిన పుస్తకం పేరులోని 'అల్ జబ్ర్' నుంచే ఆల్జీబ్రా అన్న పేరు వచ్చింది. ఉర్దూలో జబ్ర్ అంటే బలవంతం అని మన పిల్లలు నవ్వుతారు. అరబీలో దానికి ఇంకో అర్థం ఉన్నది. విరిగిన ఎముకను కూర్చి కట్టడం. మన పుత్తూరు కట్టు వంటిదన్నమాట. సమీకరణంలో ఒక పక్క తీసివేతగా ఉన్నదాన్ని రెండో పక్కకు చేర్చి సరిచేయడమే జబ్ర్.

ఈ కట్టు కట్టడం వస్తే ఎంత దూరం పోవచ్చునో మన ఊరి ఉదాహరణే చెబుతాము. షాద్‌నగర్‌లో ఉపగ్రహాల సమాచారం అందుకొనే కేంద్రం ఉన్నదని అందరికీ తెలుసు. 1979 నుంచి ఉన్నది. ఇప్పుడది ఇస్రో వారి జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రానిది. 1988 మార్చి 17న ప్రయోగించిన, ఐ.ఆర్.ఎస్. వరుసలో మొదటిదైన మన రిమోట్ సెన్సింగ్ ఉపగ్రహం ఐ.ఆర్.ఎస్.-1ఏ తీసిన చిత్రాలు ఇక్కడికే దిగేవి. అది నేల మీద 904 కి.మీ. ఎత్తున తిరిగేది. మరి ఒక చుట్టుకు ఎంతసేపు పట్టేది?

భూమి వ్యాసార్థం సుమారు 6,400 కి.మీ. దానికి 904 కలిపితే భూకేంద్రం నుంచి 7,304 కి.మీ. దూరం పెరిగినకొద్దీ గురుత్వం దూరపు వర్గం ప్రకారం తగ్గుతుంది. కాబట్టి నేల మీది 9.8ని 6,400/7,304 వర్గంతో గుణిస్తే సుమారు 7.52 వస్తుంది. వృత్తంలో తిరిగే వస్తువు త్వరణం అంటే వేగం వర్గాన్ని వ్యాసార్థంతో భాగించినది. ఈ రెండింటినీ సమానం చేసి వర్గమూలం తీస్తే వేగం సెకనుకు 7.41 కి.మీ. చుట్టుకొలత సుమారు 45,900 కి.మీ. దానిని వేగంతో భాగిస్తే 6,190 సెకన్లు, అనగా 103 నిమిషాల పైచిలుకు. 22 రోజుల్లో ఎన్ని చుట్లో చూస్తే 307. నిజంగా కూడా ఆ ఉపగ్రహం 22 రోజుల్లో 307 చుట్లు తిరిగి మళ్ళీ మొదటి దారికే వచ్చేది! ఇందులో గుణకారం, భాగహారం, వర్గమూలం తప్ప ఇంకేమున్నది? పదో తరగతి దాటినది ఒక్కటీ లేదు.

ఇంకా చిన్నది కావాలంటే బెంగుళూరు రోడ్డు మీద మోటారు సైకిలు. 40 కి.మీ. వేగంలో బ్రేకు వేస్తే సుమారు 12 మీటర్లలో ఆగే బండి, అదే బ్రేకుకు 80లో 49 మీటర్లు పోతుంది. వేగం రెండింతలైతే దూరం నాలుగింతలు. మన మగపిల్లలు ఈ ఒక్క సూత్రం చదివినా తల్లులకు కొంత నిద్ర పడుతుంది.

ఇక భాష సంగతి. ఉర్దూ మీడియంలో పది పాసైన పిల్ల ఇంగ్లీషు మీడియం ఇంటర్‌లో చేరగానే తనకు ఏమీ రాదనుకుంటుంది. 'ఇస్రా' అని నేర్చుకున్నదే తెలుగు పిల్ల నేర్చుకున్న త్వరణం, అదే ఆక్సిలరేషన్. 'కమియ్యత్' వేరు, 'వజన్' వేరు అని తెలిసిన పిల్లకు మాస్, వెయిట్ తేడా కొత్తగా చెప్పవలసిన పని లేదు. పేర్లు మాత్రం మార్చుకోవాలి. మేము పిల్లల చేత మూడు గళ్ళ నోటుబుక్కు పెట్టిస్తాము. ఉర్దూ, తెలుగు, ఇంగ్లీషు. చాలామందికి రెండు వందల మాటలతో పని జరిగిపోతుంది. చిక్కు ఇంకొకటున్నది. ఉర్దూ వాక్యం కుడి నుంచి ఎడమకు, సమీకరణం ఎడమ నుంచి కుడికి నడుస్తాయి. లెక్క మధ్యలో కన్ను తడబడుతుంది. దాన్ని తెలివితక్కువతనం అనుకోరాదు, రోజూ రాస్తే పోతుంది.

ఉర్దూలో సైన్సు కుదరదనే పెద్దమనుషులు ఉస్మానియా విశ్వవిద్యాలయాన్ని గుర్తు చేసుకోవాలి. 1917లో పెట్టిన దారుల్ తర్జుమాలో పాఠ్యపుస్తకాలు అనువదించి, డిగ్రీలో భౌతికశాస్త్రం కూడా ఉర్దూలోనే చెప్పారు. 1948 తరువాత బోధన ఇంగ్లీషులోకి మారింది. నేడు గచ్చిబౌలిలో 1998లో స్థాపించిన మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయం ఉన్నది. నీట్ ప్రశ్నపత్రం కూడా 2018 నుంచి ఉర్దూలో ఇస్తున్నారు. అయినా ఇంగ్లీషు మాటలు నేర్వవద్దని మేము అనము. పై చదువు పుస్తకాలు చాలావరకు ఇంగ్లీషులోనే ఉన్నాయి.

సంఘం వారికి మా విన్నపం ఒకటి. ప్రతి ఏటా షీల్డులు ఇస్తున్నారు, సంతోషం. ఆ డబ్బులో కొంత పది పరీక్షలు అయిన రోజు నుంచి కాలేజీ తెరిచేదాకా ఉండే దినాలకు పెట్టండి. అస్ర్ నమాజు తరువాత మగ్రిబ్ దాకా పిల్లలను కూర్చోబెట్టుదాం. ఇంటర్ పుస్తకం అప్పుడే వద్దు, వెనకటి మూడు తరగతుల లెక్కల పుస్తకాలే చాలు. సూత్రంలో కావలసినదాన్ని ఒక పక్కకు తెచ్చుకోవడం, పది ఘాతాలు, నిష్పత్తులు, గ్రాఫు చదవడం, జవాబు పక్కన ప్రమాణం రాయడం. ఇవి రోజూ చేయిస్తాము. ఆడపిల్లలకు వేరే గది, ఒక టీచరమ్మ ఉంటే తల్లులు ధైర్యంగా పంపుతారు. బోర్డు, చాక్‌పీసులు మేమే తెచ్చుకుంటాము. హాలు తాళంచెవి మాత్రం కమిటీ వారి దగ్గర ఉన్నది.