'ఏమీ లేదు' నుంచి 'తీసేద్దాం' దాకా

(ఆరోగ్య కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



స్త్రీల బాధల్ని డాక్టర్లు పట్టించుకోరని మనం చాలాసార్లు చెప్పుకున్నాం, తిట్టుకున్నాం. కానీ మరోపక్క మన రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ దేశంలో ఎక్కడా లేనంతగా స్త్రీల గర్భసంచులు తీసేస్తున్నారు. దీన్నేమనాలి? పట్టించుకోకపోవడమా, అతిగా పట్టించుకోవడమా? ఈ రెండూ వేర్వేరు కావనీ, వినకపోవడం అనే ఒకే జబ్బుకి ఇవి రెండు లక్షణాలనీ నా అభిప్రాయం.

ముందు మొదటిది చూద్దాం. ఆస్పత్రికి వెళ్ళిన పల్లెటూరి స్త్రీ ఏం చెప్తుంది? నీరసం అంటుంది. కాళ్ళు గుంజుతున్నాయనీ, నడుం నొప్పనీ, కళ్ళు తిరుగుతున్నాయనీ అంటుంది. తెల్లబట్ట అవుతోందన్న మాట మాత్రం చివర్లో, లేచి వెళ్ళబోతూ, గొంతు తగ్గించి చెప్తుంది. అప్పటికి డాక్టరు తర్వాతి పేషెంటుని పిలిచేసి వుంటాడు. 'ఏమీ లేదమ్మా, టెన్షన్ తగ్గించుకో, బాగా తిను' అని బలానికి బిళ్ళలు రాసిస్తాడు. ఇంటిల్లిపాదీ తిన్నాక గిన్నెలో మిగిలింది తినే మనిషికి ఇచ్చే సలహా అది! డాక్టరు 'వుంటాడు' అన్నానని లేడీ డాక్టర్లను వదిలేస్తున్నాననుకోకండి. ఇద్దరూ చదివింది అవే పుస్తకాలు. కాన్పు గదుల్లో ఆడవాళ్ళు పడే తిట్ల సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15-49 ఏళ్ళ స్త్రీలలో 57 శాతం మందికి రక్తహీనత వుంది. నీరసం అన్న మాటని టెన్షన్ కింద కొట్టిపారేసే ముందు కనీసం రక్తపరీక్షయినా చేయించాలా వద్దా?

స్త్రీలు గోరంతలు కొండంతలు చేసి చెప్తారనే నమ్మకం ఎంత తప్పో చూపించిన అధ్యయనం మనకి చాలా దగ్గర్లోనే జరిగింది. ప్రాణహిత అవతల, మహారాష్ట్ర గడ్చిరోలి జిల్లాలో డాక్టర్ రాణీ బంగ్, ఆమె సహచరులు రెండు గ్రామాల్లోని 650 మంది స్త్రీలను పరీక్ష చేశారు. 1989లో ఆ వివరాలు 'లాన్సెట్' పత్రికలో వచ్చాయి. తమకి ఫలానా బాధ వుందని నోరు తెరిచి చెప్పినవాళ్ళు 55 శాతం. పరీక్షలో ఏదో ఒక స్త్రీరోగం బయటపడ్డవాళ్ళు 92 శాతం. అంతకుముందు ఎప్పుడైనా ఇలాంటి పరీక్ష జరిగినవాళ్ళు 8 శాతమే. అంటే స్త్రీలు వున్నదానికంటే ఎక్కువ చెప్పడం లేదు, తక్కువ చెప్తున్నారు. కుటుంబ నియంత్రణ ఆపరేషన్ల లెక్కలు ఏటా కచ్చితంగా రాసుకున్న ప్రభుత్వానికి, ఆ ఆపరేషన్ అయిపోయాక ఆ మనిషి ఏమైందో తెలుసుకోవాలని మాత్రం అనిపించలేదు.

ఇక రెండోది. పత్తి చేలల్లో కూలికి వెళ్ళే ఒకామె నాతో అన్న మాట ఇది: 'మూడేండ్లు సర్కారు దవాఖానల ఏం లేదన్నరు. నాలుగో ఏడు ప్రైవేటుకు పోతే గర్భసంచి తియ్యకుంటే కాన్సరయితదన్నరు. నడుమ ఇంకేం లేదా మేడం?'

నడుమ చాలా వుంది. లోపల పరీక్ష చేసి చూడటం వుంది. పాప్ స్మియర్ వుంది. తెల్లబట్టలో కొంత సహజమే. ఇన్ఫెక్షన్ వల్ల అయ్యేదానికి మందులున్నాయి, భర్త నుంచి సోకే రకమైతే అతనూ వాడాలి. తెల్లబట్ట దానంతటదే కాన్సరుగా మారదు. ముట్టు ఎక్కువయితే థైరాయిడ్ చూడాలి. రక్తస్రావం తగ్గించే బిళ్ళలున్నాయి, హార్మోన్లున్నాయి, గర్భసంచిలో పెట్టే హార్మోన్ సాధనం వుంది. ఆపరేషన్ నిజంగా అవసరమయ్యే సందర్భాలూ వున్నాయి, కాదనడం లేదు. కానీ 2015-16 సర్వేలో, 15-49 ఏళ్ళ స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవాళ్ళు దేశం మొత్తమ్మీద 3.2 శాతం వుంటే, ఆంధ్రప్రదేశ్‌లో 8.9, తెలంగాణలో 7.7 శాతం వున్నారు. దేశవ్యాప్తంగా ఈ ఆపరేషన్లలో మూడింట రెండు వంతులు ప్రైవేటు ఆస్పత్రుల్లో జరిగినవే. మన ఆడవాళ్ళ గర్భసంచులు మాత్రమే ఇంతగా చెడిపోయాయని నమ్మమంటారా?

'వాళ్ళే వచ్చి తీసేయమంటున్నారు' అంటారు డాక్టర్లు. కొంత నిజమే. మరుగుదొడ్డి లేని చేలో, వంగిన నడుం ఎత్తకుండా పనిచేసే మనిషికి, ఒక్కరోజు ఆగితే కూలి పోయే మనిషికి, నెలనెలా వచ్చే ముట్టు పీడ అనిపించడంలో వింతేముంది? పిల్లలు చాలనుకుని ఇరవై దాటగానే ఆపరేషన్ చేయించుకున్న మనిషికి 'ఇంక ఆ సంచితో నీకేం పని' అంటే సబబే అనిపిస్తుంది. అండాశయాలు కూడా తీసేస్తే ఒళ్ళంతా ఆవిర్లు వస్తాయనీ, నిద్ర పోతుందనీ, ఎముకలు గుల్లబారతాయనీ చెప్పకుండా తీసుకున్న ఒప్పుకోలు ఒప్పుకోలెలా అవుతుంది? రెండేళ్ళ తర్వాత ఆమె అప్పు మిగుల్చుకుని, అదే నడుం నొప్పితో మళ్ళీ ఆస్పత్రికి వెళ్తుంది. అక్కడ మళ్ళీ 'ఏమీ లేదు' అంటారు.

బీహార్, ఛత్తీస్‌గఢ్, రాజస్థాన్‌లలో జరిగిన అనవసర ఆపరేషన్ల మీద 2013లో వేసిన పిటిషన్‌పై సుప్రీంకోర్టు 2023 ఏప్రిల్‌లో తీర్పునిచ్చింది. కేంద్ర ఆరోగ్యశాఖ 2022లో తయారుచేసిన మార్గదర్శకాల్ని రాష్ట్రాలన్నీ మూడు నెలల్లో అమల్లోకి తేవాలంది. వాటి ప్రకారం జాతీయ, రాష్ట్ర, జిల్లా స్థాయిల్లో పర్యవేక్షణ కమిటీలుండాలి.

మనం చేయగలిగినవి కొన్ని వున్నాయి. ఆస్పత్రికి వెళ్ళేముందు ఆమె బాధని ఆమె మాటల్లోనే ఒక కాగితం మీద రాయండి. తెల్లబట్ట సంగతి చివర్లో కాదు, మొదటే రాయండి. ఎవరో ఒకరు తోడు వెళ్ళండి. ఆపరేషన్ అనగానే 'ఏ జబ్బుకి? ఇంకే మందూ లేదా? అండాశయాలు వుంచుతారా?' అని అడగండి. స్కానింగు కాగితాలు తీసుకుని మరో డాక్టరుకి చూపించండి. రికార్డులు అడిగితే 72 గంటల్లో ఇవ్వాలని 2002 నాటి వైద్యమండలి నిబంధనల్లోనే వుంది. ఇక మీ జిల్లాలో ఆ పర్యవేక్షణ కమిటీ వేశారా, అందులో ఎవరున్నారు, ఇప్పటికి ఎన్నిసార్లు కూర్చుంది అన్నది డి.ఎం.హెచ్.ఓ. ఆఫీసులో అడిగి, వాళ్ళు చెప్పిన జవాబు రాసుకుని వచ్చే సమావేశానికి పట్టుకురండి.