లోపలి మనిషి షేరు కొన్నాడంట!

నా గురించి తెలియనివాళ్లకు చెప్తున్నా. ఐటీఐ చదివి గల్ఫ్‌కు వచ్చి పద్దెనిమిదేళ్లయింది, ఇప్పుడు దుబాయ్‌లో ఒక సైట్‌లో సూపర్‌వైజర్‌ని. షేర్ల గురించి మాట్లాడడానికి నేనెవర్ని అంటారేమో. నాలుగేళ్ల కింద నేను కూడా ఒక టిప్ నమ్మి 4,500 దిర్హాములు పోగొట్టుకున్నా. అంతకుమించి నాకు అర్హత లేదు.

మా గ్యాంగులో ఒక స్టీల్ ఫిక్సర్ ఉన్నాడు. పేరు చెప్పొద్దన్నాడు. రంజాన్ ముందు ఒకరోజు వచ్చి, "అన్నా, రెండు వేలు అడ్వాన్స్ ఇప్పియ్యరాదే" అన్నాడు. ఎందుకురా అంటే ఫోన్ చూపించాడు. టెలిగ్రామ్ గ్రూపులో ఒక మెసేజ్. జీఈ ఏరోస్పేస్ అని విమానం ఇంజన్లు చేసే పెద్ద కంపెనీ, దాని సీఈవోనే 9 డాలర్లకు షేర్లు కొన్నాడు, ఇప్పుడు 200 దాటింది, లోపలి సమాచారం మా దగ్గరుంది, మా యాప్‌లో డబ్బు వేయండి అని.

అందులో కొంచెం నిజం ఉంది. అందుకే పడిపోతాం.

సీఈవో లారీ కల్ప్ కొన్నమాట నిజమే. 2019 ఆగస్టులో హ్యారీ మార్కోపోలోస్ అనే ఆయన, మేడాఫ్ మోసం గురించి ముందే హెచ్చరించినాయన, జీఈ లెక్కల్లో మోసం ఉందని పెద్ద రిపోర్టు విడుదల చేశాడు. కంపెనీ కాదంది. ఆ ఒక్కరోజే షేరు 11 శాతం దాకా పడింది. కల్ప్ అదేరోజు దాదాపు 20 లక్షల డాలర్ల షేర్లు సొంత డబ్బుతో కొన్నాడు. అదే వారంలో అంతకుముందు 30 లక్షల డాలర్లవి కొన్నాడు. (ఆ రిపోర్టు రాసినాయనకు షేరు పడితే లాభం వచ్చే ఒప్పందం ఉంది, ఆ మాట ఆయనే చెప్పాడు. ఎవరి లెక్క వాళ్లది.)

మరి ఇది నేరమా? కాదు. ఇక్కడే మనవాళ్లు తికమక పడతారు. ఊళ్లో రింగ్ రోడ్డు ఎటు పోతుందో ఆఫీసులో ముందే తెలుసుకుని, ఎవరికీ చెప్పకుండా భూమి కొన్నట్టు, బయటికి రాని కంపెనీ సంగతి పట్టుకుని షేరు కొంటే, అమ్మితే నేరం. ఆ సంగతి చెవిలో వేసినోడు, విని కొన్నోడు ఇద్దరూ ఇరుక్కుంటారు. కానీ పెద్ద అధికారి మామూలుగా కొని, అమెరికాలో రెండు పనిదినాల్లోపు ఫారం 4 అనే కాగితం దాఖలు చేస్తే అది చట్టబద్ధం. ఆ కాగితం ఎస్ఈసీ వెబ్‌సైట్‌లో ఊరందరికీ ఉచితంగా కనపడుతుంది. అంటే వాడు 'సీక్రెట్' అని అమ్ముతున్నది మన బార్ షెడ్యూల్ కంటే బహిరంగం!

ఆ కాగితంలో అక్షరాలు చూడాలి. 'పి' అంటే సొంత డబ్బుతో కొన్నది. 'ఎస్' అంటే అమ్మింది. 'ఎఫ్' ఉంటే, కంపెనీ జీతంలో భాగంగా ఇచ్చిన షేర్లలో కొన్ని పన్ను కోసం పట్టుకున్నారని. ఈ 'ఎఫ్'ను చూపించి "లోపలోళ్లు అమ్ముకుని పారిపోతున్నరు" అని ఇంకో మెసేజ్ పెడతారు. అమ్మకాలు కూడా చాలావరకు నెలల ముందే రాసిపెట్టుకున్న ప్లాన్ ప్రకారం జరుగుతాయి. 2023 నుంచి అధికారులైతే ప్లాన్ రాసుకున్నాక కనీసం 90 రోజులు ఆగాలి.

ఇక ఆ 9 డాలర్ల లెక్క. 2021లో ఆ కంపెనీ ఎనిమిది షేర్లను ఒక్కటి చేసింది. అప్పుడు 9 డాలర్లు ఇప్పటి లెక్కలో 72. తర్వాత ఆస్పత్రి పరికరాల వ్యాపారం 2023లో, కరెంటు వ్యాపారం 2024 ఏప్రిల్‌లో వేరుపడ్డాయి, మిగిలింది ఇంజన్ల కంపెనీ. షేరు పెరిగింది, కాదనను. కానీ మధ్యలో 2020 మేలో, కరోనాకు విమానాలు ఆగినప్పుడు, అదే షేరు పాత లెక్కలో 6 డాలర్ల కిందికి పోయింది. అన్నీ తెలిసిన సీఈవో కొన్న షేరుకే ఏడాది తిరక్కముందు మూడోవంతు పోయిందన్నమాట. ఆయన తట్టుకుంటాడు. మన రూమ్ కిరాయి తట్టుకుంటదా?

నేను అడ్వాన్స్ ఇప్పించలేదు. వాడు వేరేవాళ్ల దగ్గర తీసుకుని వేశాడు. యాప్‌లో వారంలో 2,000 కాస్తా 3,400 అయినట్టు చూపించింది. తీసుకోబోతే "ముందు 600 పన్ను కట్టాలి" అన్నారు. కట్టాడు. ఇంకో 900 అడిగారు. అప్పుడొచ్చి నా మంచం పక్కన కూర్చున్నాడు, చాలాసేపు ఏం మాట్లాడలేదు.

ఇద్దరం కూర్చుని దుబాయ్ పోలీసుల ఇ-క్రైమ్‌లో ఫిర్యాదు పెట్టాం. స్క్రీన్‌షాట్లు, డబ్బు పంపిన రసీదులు పెట్టాలి, అవి చెరిపేయకండి. గ్రూపులోంచి వాణ్ణి తీసేశారు కాబట్టి సగం మెసేజ్‌లు లేవు. ఇంకా ఏ జవాబూ రాలేదు. ఇంట్లో మాత్రం ఈ నెల ఓవర్‌టైమ్ పడలేదని చెప్పాడంట, వాళ్లమ్మ నాకు ఫోన్ చేసి అడిగితే నేనూ అదే చెప్పాను.