వానకాలపు తలంటు

ఆబిడ్స్‌లోని ఏ పెద్ద దుకాణమునకు వెళ్ళినా షాంపూ సీసాలు గోడ పొడుగునా బారులు తీరి ఉంటవి. అక్కడినుంచి నాంపల్లి వైపు నడిచి ఒక కిరాణా కొట్టులో అడిగితే కుంకుడుకాయలు, శీకాయపొడి దొరుకుతవి. ఈ రెండింటిలో ఏది ఎన్నుకోవలెననే ప్రశ్న స్వల్పముగా తోచవచ్చును. కాని చదువుకో, ఉద్యోగమునకో ఈ పేటల హాస్టళ్ళకు వచ్చిన ఆడపిల్లలు, ఒత్తయిన జుట్టు రాలిపోతున్నదని బెంగపడి నడుము దాకా ఉన్న జడను కత్తిరించివేసుకొనడం కద్దు. కత్తిరించుకొనడం వారి ఇష్టము. భయపడి కత్తిరించుకొనవలసిన పని మాత్రము లేదు.

దినమునకు 50 నుంచి 100 వెంట్రుకల వరకు ఊడడం ఆరోగ్యవంతులకు సహజమే. వారమునకొక్కసారి తలంటుకొనేవారికి, జడలో చిక్కుకొని ఉన్నవన్నీ ఒక్కమారుగా చేతికి వచ్చును. జుట్టు పొడుగు కనుక ఉండ పెద్దదిగా కనిపించును. నేరము షాంపూ మీద పడును! అయితే పాపిడి వెడల్పవుతున్నా, మాడు పలచబడుతున్నా చర్మవైద్యునికి చూపవలసినదే. సీసా మార్చినందువలన అది తీరదు.

ఇక వానకాలమున జుట్టు ఉబ్బి రేగడమెందుకు? వెంట్రుక గాలిలోని తేమను పీల్చుకొని సాగును. ఈ గుణమును ఆధారము చేసికొనియే జెనీవా పండితుడు సొస్యూర్ తేమను కొలిచే పరికరమును నిర్మించి, 1783లో దానిని గూర్చి గ్రంథము ప్రకటించెను. అటువంటి పరికరములు మన తలమీద సుమారు లక్ష ఉన్నవన్నమాట! తేమను మనము ఆపలేము. వెంట్రుక చివరలకు కండిషనరు రాసి కడిగితే, దానిపై సన్నని పొర నిలిచి రేగడం తగ్గును. ఒత్తయిన పొడుగు జుట్టుకు కుదుళ్ళ దగ్గర జిడ్డు, కొసల దగ్గర పొడితనము ఉండును గనుక షాంపూ మాడుకు, కండిషనరు కొసలకు అని గుర్తుంచుకొంటే చాలును. నురుగు ఎక్కువైనంత మాత్రమున శుభ్రత ఎక్కువ కాదు.

నీటి సంగతి కూడ చూడవలెను. బోరునీళ్ళు చాలచోట్ల ఉప్పునీళ్ళు. వాటితో స్నానపు సబ్బు తలకు రుద్దుకొంటే, నీటిలోని సున్నపు లవణములతో సబ్బు కలిసి తెట్టెకట్టి జుట్టుకు అంటుకొనును. షాంపూలోని క్షాళకములు గాని, కుంకుడులోని సపోనినులు గాని ఆ విధముగా తెట్టెకట్టవు. కనుక మన పెద్దల కుంకుడురసము నేటికీ పనికిరానిది కాదు. కాని అది కంట పడితే మంట. జిడ్డును పూర్తిగా లాగివేయును గనుక పొడిజుట్టు వారికి చిక్కులు పడును. "సహజము" అన్న మాట చూచి దేనినీ నమ్మి కొనవద్దు.

మాట వచ్చినది గనుక చెప్పుచున్నాను. షాంపూ అన్న పదము మన హిందూస్థానీ "చాంప్నా", అనగా ఒత్తి మర్దించుట, నుండి పుట్టినది. పట్నాలో జన్మించిన దీన్ మహమ్మద్ 19వ శతాబ్దిలో ఇంగ్లండులోని బ్రైటనులో ఆ మర్దనకు పేరు తెచ్చెను. ఇంగ్లీషు సీసాలో మనకు తిరిగివచ్చినది మన మాటయే.

చుండ్రు ఉన్నవారి దారి వేరు. దానికి మలసీజియా అనే శిలీంధ్రము తోడగును; తేమ, చెమట, జిడ్డు దానికి అనుకూలము. చుండ్రు పోవలెనని నూనె దట్టించి రాత్రంతా ఉంచడం దానికి భోజనము పెట్టడమే. కీటోకొనజోల్ ఉన్న షాంపూను మూడు నాలుగు నిమిషములు మాడున ఉంచి కడుగవలెను. రాసిన వెంటనే కడిగివేసి, మందు పనిచేయలేదనడం న్యాయము కాదు.

వానకాలమున తలంటు ఉదయముననే ముగించుకొనుడు. తడిజుట్టును బిగించి అల్లవద్దు. తడిసిన వెంట్రుక సులభముగా తెగును. కొత్త షాంపూ ఏదైనను, 1980ల నుంచి మన కిరాణా కొట్లలో దండలుగా వ్రేలాడుతున్న చిన్న పాకెట్లు మూడు నాలుగు కొని, తలంట్లు గడిచిన పిమ్మట పెద్ద సీసా సంగతి ఆలోచించవచ్చును.