వేషము ఆటను చెప్పునా?



విరాటపర్వము పారాయణము చేసినచో వానలు కురియునని మన పెద్దల నమ్మకము. నల్లగొండ, పాలమూరు మెట్టభూములలో మొగులు వైపు చూచి బ్రతుకువారమగుటచే ఆ పర్వము మనకు మరింత దగ్గరిది. ఈనాడు మాత్రము దానిని వాన కొరకు గాక, ఒక సందేహమును తీర్చుకొనుటకై తెరచెదము.

ఒక తల్లి మమ్ము ఇట్లడిగినది: "స్వామీ, మా పిలగాడు రాత్రంత ఫోన్ల పైసలు పెట్టి పత్తాలాడుతుండు. పోకరట. అండ్ల తన మొకానికి బదులు ఆంజనేయస్వామి బొమ్మ పెట్టుకున్నడు. దేవుని బొమ్మ పెట్టుకున్నోడు ఆగమాగం ఆడడు గద?"

2017లోనే తెలంగాణ ప్రభుత్వము తన గేమింగ్ చట్టమును సవరించి, పైసలు పెట్టి ఆడు ఆన్‌లైన్ ఆటలను నిషేధించినది. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికి చట్టము చేసినది. చట్టము వాకిలి మూయగలదు. లోపలి కోరికను మనమే మూసికొనవలెను. కావున ఆ తల్లి ప్రశ్న నేటికిని విలువైనదే.

ఈ ఆటలో ఆటగాండ్రు ఒకరినొకరు చూచుకొనరు. ముఖమునకు మారుగా ఒక బొమ్మ నిలుపుదురు. దానికి 'అవతార్' అని పేరు. మన అవతార శబ్దమే సముద్రములు దాటి, ఆ బొమ్మకు పేరై తిరిగివచ్చినది. సింహము బొమ్మ పెట్టినవాడు దూకుడుగా ఆడుననియు, పసిపాప బొమ్మ పెట్టినవాడు జంకుచు ఆడుననియు ఎదుటివారు లెక్క కట్టుదురు. ఈ లెక్క నిజమగునా?

విరాటుని కొలువును చూడుడు. భోజనప్రియుడైన భీముడు వలలుడను పేర వంటవాడయ్యెను. ఇంద్రలోకమున నాట్యము నేర్చిన అర్జునుడు బృహన్నల అయ్యెను. నకులుడు గుఱ్ఱములను, సహదేవుడు గోవులను చేపట్టిరి. ఎవరి వేషములో వారి స్వభావపు జాడ ఉన్నది. అయినను ఆ నగరమున వారిని గుర్తించినవాడు లేడు. కథ తెలిసిన మనకే ఆ జాడలు కనబడుచున్నవి. సైరంధ్రి వేషమును మాత్రమే చూచిన కీచకుడు నశించెను. కావున వేషములో మనసు జాడ లేకపోలేదు. మనిషిని ముందుగా ఎరిగినవానికే అది ఉపయోగపడును, ఎరుగనివానిని మోసగించును.

ఇక ధర్మరాజు సంగతి. తన రాజ్యమును పోగొట్టిన పాచికలనే చేతబట్టి కంకుభట్టుగా కొలువు చేరెను. అప్పటికి ఆయన బృహదశ్వ మహర్షి వలన అక్షహృదయమును గ్రహించియుండెను. చూచువారికి కనబడునది జూదరి వేషము. ఆడినది నిలకడగల ఆట. అంతకు పూర్వము హస్తినాపుర సభలో కనబడినది ధర్మమూర్తి ముఖము. ఆడినది తమ్ములను, తన్ను, తుదకు ద్రౌపదిని ఒడ్డిన ఆట. మనిషి ఒక్కడే. ఆ సభలో అతని ఆటను చెప్పినది ముఖము కాదు. ఓడినకొలది మరియొక పందెము ఒడ్డుట.

ఆ సభలోనే మరియొక మర్మమున్నది. పందెము దుర్యోధనునిది, పాచికలు శకునివి. ఒకరికి బదులు ఒకరాడుట తగదని ధర్మరాజు పలికియు, ఆటకు కూర్చుండెను. ఫోనులోని బొమ్మ వెనుక ఎవరున్నారో మీ పిల్లవానికి తెలియునా? 2019లో అమెరికాలో ప్లూరిబస్ అను కంప్యూటర్ ప్రోగ్రాము ఆరుగురు కూర్చుండు పోకరులో ఆరితేరిన ఆటగాండ్రను గెలిచినది. బొమ్మ వెనుక మనిషియే ఉండవలెనను నియమము లేదు.

ఇంకొక సంగతి భయము గొలుపునది. 2007లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమున నిక్ యీ, జెరెమీ బైలెన్సన్ అను పరిశోధకులు కొందరికి తెరమీద పొడవైన రూపమును, కొందరికి పొట్టి రూపమును ఇచ్చి, డబ్బు పంచుకొను బేరమాడించిరి. పొడవైన రూపము దొరికినవారు తమకెక్కువ వచ్చునట్లు గట్టిగా బేరమాడిరి. పొట్టి రూపము దొరికినవారు అన్యాయపు పంపకమునకు ఎక్కువగా ఒప్పుకొనిరి. మనిషి వేషమును ధరించుటయే కాదు, వేషమును మనిషిని ఆడించునన్నమాట. ఆంజనేయుని బొమ్మ పెట్టుకొని, తనకు ఓటమి లేదనుకొని చేను తాకట్టు పెట్టువాని గతి ఏమగును?

నల్లగొండ చేరువనున్న పానగల్లు ఛాయా సోమేశ్వరాలయమును మీరు దర్శించియుందురు. పొద్దు ఎటు తిరిగినను లింగము వెనుక ఒక స్తంభపు నీడ నిలిచియే యుండును. ఏ స్తంభముదని వెదకినను, ఒక్కదానిది కాదు. స్తంభముల నడుమనుండి వచ్చు వెలుగుల కూర్పు వలన కలిగిన నీడ అది. తెరమీది బొమ్మయు అట్టిదే. అందులో కోరిక, భయము, గర్వము, ఒంటరితనము అన్నియు కలిసియుండును. ఆంజనేయుని బొమ్మ ఆ పిల్లవానికి బలము కావలెనని చెప్పుచున్నది. ఎట్లు ఆడునో చెప్పుట లేదు.

నిజమైన అవతారము వేరు. యాదగిరిగుట్ట నారసింహుని చూడుడు. స్వామి దాగుటకై ఆ రూపము దాల్చలేదు. ప్రహ్లాదుని కాపాడుటకై దాల్చెను. రూపమేదో పనియు అదియే. రూపమొకటి, పని మరియొకటి అయినచో అది వేషమే గాని అవతారము కాదు.

కావున తల్లిదండ్రులు బొమ్మను చూడవద్దు, నడతను చూడుడు. ఓడినపుడు లేవగలుగుచున్నాడా? పోయిన పైసలు ఇంట చెప్పుచున్నాడా? పత్తి అమ్మిన డబ్బు, తండ్రి బొంబాయి వలసపోయి పంపిన డబ్బు పెట్టినచోటనే ఉన్నదా? వాని ఆటను చెప్పునవి ఇవి.

తెలిసిన పిమ్మట ఏమి చేయవలెను? విరాటుడు కోపమున పాచికలతో కంకుభట్టు ముఖమున కొట్టెను. ముక్కున కారిన నెత్తురు నేల పడకుండ ద్రౌపది బంగారు పాత్ర పట్టెను. ఆ నెత్తురు నేల పడినచో రాజ్యమునకే కీడు. బిడ్డ తప్పు బయటపడిన దినమున ఇంట కొట్టువారుందురు, తిట్టువారుందురు. పాత్ర పట్టువారొక్కరైనను ఉండవలెను. సిగ్గుపడక వేషము తీసివేయుటకు బిడ్డకు చోటున్న ఇంట అజ్ఞాతవాసము త్వరగా ముగియును.

శ్రీ లక్ష్మీనరసింహస్వామి మీ ఇంటి బిడ్డలను కాపాడుగాక!

స్వస్తి.