నిత్యవ్యవహారమున స్మారక నాణెములు
(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేసిన ప్రసంగ పాఠము)



ఇది రజతోత్సవము. రజతమనగా వెండి. రూపాయి అను మాటకు మూలమైన రూప్య శబ్దమునకును వెండి యనియే యర్థము. అయినను నేటి రూపాయిలో వెండి రవ్వంతయు లేదు. పదునొకండు పాళ్లు వెండి, ఒక పాలు రాగిగా నుండిన రూపాయి 1940లో సగము వెండి యైనది. స్వాతంత్ర్యము వచ్చునాటికి వట్టి నికెలు బిళ్ల యైనది. అనగా నాణెము విలువ లోహమును వదలి, పుచ్చుకొనువాని నమ్మకములోనికి ప్రవేశించినది. ఆ నమ్మకమును గూర్చియే నాలుగు మాటలు మనవి చేయుదును.

నేను పండితుడను గాను. మా యింటి కరణీకము 1984లోనే పోయినది. కరణమను పేరు మాత్రము నన్ను వదలలేదు. నేడు పాలసంఘమునకును ఈ గ్రంథాలయమునకును లెక్కలు వ్రాయుచున్నాను. కావ్యములు చదువుట నాకు నేర్పినవి ఈ బీరువాలే.

నిరుడు రజతోత్సవ నిధికై పెట్టిన హుండీని తెరచితిమి. అందు పదిరూపాయల బిళ్లలు 63. పుస్తకములకు అట్టలు కొని తెమ్మని వానిని ఒక కుర్రవాని కిచ్చి పట్టణమునకు పంపితిని. సాయంకాలమునకు బిళ్లలతోనే తిరిగివచ్చెను. రెండు దుకాణములవారు "ఇవి చెల్లవు" అనిరట. నాకు పట్టరాని కోపము వచ్చినది. అయితే ఆ రాత్రి వానిని బల్లపై పరచి చూచుకొనగా, కోపము పోయి సిగ్గు మిగిలినది. వానిలో నొకటి కొబ్బరిపీచు మండలి వజ్రోత్సవమునకు ముద్రించినది. అట్టిదే యొకటి అంతకు నాలుగు నెలల ముందు పాలసంఘపు పెట్టెలో కనబడగా, నకిలీ యని నేనే తేల్చి, అది యిచ్చిన ఆకుకూరల ముసలమ్మ ఖాతాలో పదిరూపాయలు బాకీ వ్రాసితిని. ఆమెకు చూపు సన్నగిల్లినది. ఆనాడు ఆమె యన్నమాట నా చెవిలో మెదలినది: "కరణంగారూ, బొమ్మ నాకు కనపడదు బాబూ. అంచు తడిమి చూశాను. అది పదే."

నాణెముపై ఘనకార్యములను ముద్రించుట నేటి వింత కాదు. సముద్రగుప్తుడు తాను చేసిన అశ్వమేధమునకు గుర్తుగా యూపస్తంభము ముందు నిలిచిన గుర్రమును బంగారు నాణెములపై వేయించెను. మన శాతవాహనులలో గౌతమీపుత్ర శాతకర్ణి నహపానుని జయించి, ఆతని వెండి నాణెములమీదనే తన ముద్ర కొట్టించెను. 1906లో నాసిక్ ప్రాంతమున జోగల్‌తెంబి యనుచోట దొరకిన 13,000కు పైబడిన నాణెములలో అధికభాగ మట్టివే. ఓడినవాని ముఖము క్రిందినుండి తొంగిచూచుచుండగా గెలిచినవాని ముద్ర పైన! ఇంతకంటె చిన్న విజయశాసనము నే నెరుగను. కృష్ణదేవరాయలు ఉదయగిరినుండి బాలకృష్ణ విగ్రహమును విజయనగరమునకు కొనిపోయెను; ఆయన వరహాలపై కానవచ్చు బాలకృష్ణుడు ఆ విజయమునకు గుర్తని చరిత్రకారులలో పలువురి అభిప్రాయము.

అయితే అప్పుడు బొమ్మ మారినను బంగారము బంగారమే. షరాబు తూచి, గీటురాతిపై గీచి పుచ్చుకొనెడివాడు. శ్రీనాథునికి జరిగిన కనకాభిషేకమును గూర్చి చదివినప్పుడెల్ల, ఆ టంకములను మరునాడు ఏ వర్తకుడైనను గీయకుండ పుచ్చుకొనెనా యని నాకు సందేహమే. నేటి పదిరూపాయల బిళ్లను గీచిన నేమి తేలును? దానికి ముఖమే సాక్షి. సాక్షి మాటిమాటికి వేషము మార్చినచో సామాన్యుడు దేనిని పట్టుకొని నమ్మవలెను?

స్వతంత్రభారతమున ఈ పద్ధతి 1964లో నెహ్రూగారి స్మృతిచిహ్నముగా వెలువడిన రూపాయి, అర్ధరూపాయలతో ఆరంభమైనది. 1969లో గాంధీజీ శతజయంతి వచ్చినది. ఆ కాలమున అవి అరుదు. చేతికి వచ్చిన పండుగవలె నుండెడిది. పిమ్మట వేగము పెరిగినది. పదిరూపాయల బిళ్ల 2009లో ప్రజల చేతికి వచ్చినది. 2018 జనవరి నాటికి దానికి 14 రూపములు! హోమీ భాభా, రిజర్వు బ్యాంకు, పార్లమెంటు, వైష్ణోదేవి, అంబేడ్కరు, యోగదినము, ఇట్లు. ఇవిగాక రూపాయి గుర్తు ఉన్నవి కొన్ని, లేనివి కొన్ని. ఆ గుర్తు 2011 నాణెములతో వచ్చినది. ఇన్ని ముఖములుండగా పుకారు పుట్టుటకు వేరే విత్తనమేల? రిజర్వు బ్యాంకు 2016లో ఒకమారు, 2018లో మరియొకమారు అన్నియు చెల్లునని ప్రకటింపవలసి వచ్చినది. 2011 నాటి నాణెముల చట్టము ప్రకారము రూపాయి మొదలు పైబిళ్లలు వేయిరూపాయల మొత్తము వరకు చెల్లుబాటు గలవి. చట్టము ఢిల్లీలో నున్నది; సంత ఇక్కడ నున్నది.

ఇంకొక చిత్రము చూడుడు. అమ్మవారి బొమ్మగల బిళ్ల మా వీధిలో నొక యింటికి వచ్చినది; అది పూజామందిరము దాటి మరల బయటికి రాలేదు. తెలియని బొమ్మను బజారు త్రోసివేయును, ప్రియమైన బొమ్మను ఇల్లు దాచుకొనును. తిరుగుటకు పుట్టిన నాణెము రెండు విధములను నిలిచిపోయినది!

అందుచేత వీనిని పూర్తిగా మాన్పింపవలెనని నా మిత్రులొకరు వాదింతురు. స్మారకములను వేడుకకు దాచుకొనువారికే ముద్రింపుడని వారి సలహా. 2023లో నందమూరి తారకరామారావుగారి శతజయంతికి వెలువడిన నూరురూపాయల నాణెము అట్టిదే; సగము వెండి, వేలరూపాయల వెల. దానిని సంతలో నెవ్వరును తేరు, కాదనువారును లేరు. ఈ సలహాలో న్యాయము కలదు గాని నేను సంపూర్ణముగా నంగీకరింపజాలను. మన పిల్లవాడొకడు బిళ్లపై భాభాగారి బొమ్మ చూచి, ఈయన యెవరని నన్నడిగి, ఆ సాయంకాలమే ఇచట విజ్ఞానశాస్త్ర గ్రంథమొకటి తీసికొనిపోయెను. వేలరూపాయల నాణెము ఆ పిల్లవాని చేతికి ఎన్నడు వచ్చును?

యూరో దేశములవారు 2004 నుండి రెండు యూరోల స్మారక నాణెములను నిత్యవాడుకకే విడుదల చేయుచున్నారు. విలువ తెలుపు వైపు అన్ని దేశములకు నొక్కటే; అది స్మారకమునకై మారదు. బొమ్మ రెండవ వైపుననే. ఒక దేశము ఏడాదికి రెండింటికంటె మించి వేయరాదని నియమము. మనమును అట్లు చేయవచ్చును. ఏడాదికి ఒక్క స్మారకము, అదియు ఒక్క విలువలో. అంకె యున్న వైపు, అంచు, కొలత కదలరాదు. బిళ్ల రాకకు ముందే దాని పటము పంచాయతీ గోడమీదికి రావలెను. 2019లో చూపులేనివారు గుర్తింపవీలగు నాణెముల శ్రేణిని ప్రకటించి, ఇరువదిరూపాయల బిళ్లకు పండ్రెండు కోణములు పెట్టిరి. ఆ ఆలోచన చేసినవారికి నా నమస్కారము. మా ముసలమ్మ వ్రేళ్లకు తెలిసిన శాస్త్రమే అది.

ఆమె ఖాతాలో పదిరూపాయలు జమకట్టి, తప్పు నాదని చిట్టాలో ఎఱ్ఱసిరాతో వ్రాసి సంతకము చేసితిని. ఆమె యింటికి పోయి చెప్పగా, "నే నప్పుడే చెప్పానుగా" అని నవ్వినది. హుండీలోని 63 బిళ్లలు నేటికిని గ్రంథాలయపు పెట్టెలోనే యున్నవి. సభ ముగిసిన పిదప నోట్లిచ్చి వానిని తీసికొనదలచినవారు నా బల్లకడకు రావచ్చును. దుకాణదారులెవరైన సభలో నున్నచో, ముందుగా వారినే పిలుచుచున్నాను.