పక్షవాతము: ఆసుపత్రి దినములు, తరువాతి యేండ్లు



నేటి నా ప్రసంగము పక్షవాతమును గూర్చినది. ఉన్నట్లుండి మూతి వంకరపోవుట, ఒక ప్రక్క కాలు చేయి పడిపోవుట, మాట తడబడుట చూడని పెద్దలు మీలో అరుదుగ నుందురు. వ్యాధి కాలిలోను చేతిలోను కనబడుచున్నను దాని స్థానము మెదడు. మెదడునకు నెత్తురు గొనిపోవు నాళమున గడ్డ అడ్డుపడుట యొక విధము. నాళము చిట్లి నెత్తురు మెదడులోనికి చిమ్ముట మరియొక విధము. పైకి రెండును ఒక్కతీరుగనే యుండును. మొదటిదానికి మేలుచేయు మందు రెండవదానికి ప్రాణాంతకము. ఎంతటి వైద్యుడైనను నాడి చూచి యీ భేదమును నిశ్చయింపజాలడు. 1971లో లండను నగరమున మొట్టమొదట ఒక రోగి తలను చిత్రించిన స్కానింగు యంత్రము వచ్చిన పిదపనే యిది సులభసాధ్యమైనది. కావున స్కానింగు లేని చోటికి రోగిని తీసికొనిపోవుట కాలము పోగొట్టుకొనుటయే.

గడ్డను కరగించు మందు మూడు గంటలలోపల నిచ్చినచో మేలు కలుగునని 1995లో తేలినది. 2008లో ఆ గడువు నాలుగున్నర గంటలకు పొడిగింపబడినది. తొడలోని నాళము గుండ సన్నని గొట్టమును పంపి పెద్ద గడ్డను బయటికి లాగు పద్ధతి 2015 నాటికి స్థిరపడినది. ఎంపికచేసిన కొందరికి 24 గంటల వరకు అది పనికివచ్చునని 2018లో తెలియవచ్చినది. డాక్టరు మిమ్ము మొట్టమొదట అడుగు ప్రశ్న: రోగి చివరిసారి బాగుగ కనబడిన వేళ యేది? తెల్లవారి లేచునప్పటికి చేయి పడియున్నచో, తెల్లవారిన వేళ గాక రాత్రి పండుకొన్న వేళను చెప్పవలెను. నేను పనిచేసిన ఆసుపత్రికి కొందరు పావురపు నెత్తురు పూసికొని, పసరు త్రాగి, రెండవనాటికి వచ్చెడివారు. నెత్తురు పూతవలన కలిగిన హాని కాలహరణమే. పసరు వలన కలిగిన హాని ముందు చెప్పెదను.

ఇది మొదటి పూట మాట. మన దేశమున నీ మందు వేళకు అందినవారు బహు స్వల్పము. అందనివారికి ఇక చేయదగిన దేమియు లేదా? ఇచ్చటనే మనవారు పొరపడుచున్నారు. మూడవనాడు పెద్దలు వచ్చి, “సూదిమందు వేళ దాటినదన్నారు గదా, ఇక్కడ నుండి ప్రయోజన మేమి? ఇంటికి తీసికొనిపోయెదము” అందురు. ఖర్చునకు వెరచి అనుమాట యైనచో నేను తప్పుపట్టజాలను. కాని ప్రయోజనము లేదనుట నిజము గాదు.

నార్వే దేశమున త్రోండ్‌హైమ్ అను పట్టణము కలదు. అచ్చటి ఆసుపత్రిలో 220 మంది రోగులను చీటీలు తీసినట్లు రెండు భాగములు చేసి, సగము మందిని పక్షవాతమునకే ప్రత్యేకించిన వార్డులోను, తక్కినవారిని సాధారణపు వార్డులలోను ఉంచిరి. గడ్డ కరగించు మందు అప్పటికి వాడుకలోనికి రాలేదు. ఆరు వారములకు ప్రత్యేకపు వార్డువారిలో నూటికి 56 మంది ఇల్లు చేరియుండిరి. రెండవవారిలో 33 మందియే. ఈ ఫలితము 1991లో ప్రకటితమైనది. పదియేండ్ల పిమ్మట మరల విచారింపగా, బ్రదికి తమ యింట నున్నవారు మొదటి వార్డువారిలో నూటికి 19 మంది, రెండవవారిలో 8 మంది. కొన్ని వారముల పరిచర్య ఫలము పదియేండ్లు నిలిచినది!

ఆ వార్డులో జరుగు పని యేమి? చూచుటకు చాల స్వల్పము. రోగికి మ్రింగు శక్తి యున్నదో లేదో పరీక్షింపక నోట నేమియు పోయరు. పక్షవాతమున గొంతు కండరములును చెడును; బంధువులు ప్రేమతో పోసిన జావయు, నేను ముందు చెప్పిన పసరును ఊపిరితిత్తులలోనికి పోయి నిమ్ము పుట్టించును. ఇట్లు చనిపోవువారు తక్కువ కారు. జ్వరము కనబడినంతనే తగ్గింతురు. నెత్తురులోని చక్కెరను కనిపెట్టి యుందురు. ఆస్ట్రేలియాలో 19 ఆసుపత్రులందు జరిగిన పరీక్షలో, జ్వరము, చక్కెర, మ్రింగుట అను నీ మూటిని నర్సులు క్రమము తప్పక చూచిన చోట, 90 దినములకు మరణించినవారో పరాధీనులైనవారో నూటికి 42 మంది. అట్లు చూడని చోట 58 మంది. ఇది 2011 నాటి మాట. కొత్త మందు ఒక్కటియు లేదు.

ప్రక్కలు మార్చి పడకపుండ్లు రాకుండ చూచుట, అవయవములకు సాధకము నేర్పుట తరువాతివి. ఇందు తొందరయు పనికిరాదు. మొదటి దినముననే మాటిమాటికి లేపి నడిపించినవారు మూడు నెలలకు కొంత వెనుకబడి యుండిరని, 2000 మందికి పైగా రోగులపై జరిగిన పరీక్ష 2015లో తెలిపినది.

ఇక నింటి సంగతి. సాధకము చేయించువారు పల్లెలలో అరుదు గదా, కుటుంబమువారికే నేర్పి పంపిన చాలదా అని మన దేశమున 14 ఆసుపత్రులలో 1250 మందిపై పరీక్ష చేసిరి. 2017లో వెలువడిన ఫలితము ఆశించినట్లు లేదు: నేర్పిన పక్షమునను, నేర్పని పక్షమునను ఆరు నెలలకు మరణించినవారో పరాధీనులైనవారో సరిగా నూటికి 47 మందియే. ఇంటివారి సేవ వ్యర్థమని దీని యర్థము గాదు; అభ్యాసము గలవాని పనిని ఇంటివారిపై మోపి ఊరకుండరాదని నేను గ్రహించితిని. వారమునకు ఒకమారైనను ఫిజియోథెరపీ తెలిసినవాని యొద్దకు బండి కట్టించి పంపుట ఊరివారు చేయగల యుపకారము.

రక్తపు పోటు మాత్రలను మాత్రము ఇంటివారే కనిపెట్టవలెను. పక్షవాతము వచ్చిన 6000 మందికి పైగా రోగులపై నడచిన పరీక్షలో, పోటును తగ్గించుటవలన అది మరల వచ్చుట నూటికి 28 వంతులు తగ్గినదని 2001లో తేలినది. నెలరోజులు వాడి, తల తిరుగుట లేదని మానివేయువారే మనలో హెచ్చు. పోటు హెచ్చినను తల తిరుగనక్కర లేదు. పొగచుట్టను గూర్చి వేరుగ చెప్పనేల?

రోగిని పడిన చేయి పట్టి లాగి లేపరాదు. భుజపు కీలు జారి, ఆ నొప్పి నెలల తరబడి బాధించును. ఇంకొకటి. కాలు చేయి కొంత వచ్చినను కొందరు అన్నము మీద ఇచ్ఛ లేక, ఎవరితోను మాటాడక, అరుగుమీద గోడవైపు తిరిగి కూర్చుందురు. ఇంటివారు దానిని మొండితన మందురు. మెదడునకు తగిలిన దెబ్బ తరువాత అనేకులకు వచ్చు మనోవ్యాధి అది. దానికిని మందు కలదు. మరల ఆసుపత్రికి పోయినప్పుడు రక్తపు పోటుతోపాటు ఈ సంగతియు డాక్టరునకు చెప్పుడు.